పట్టుబడ్డ ఓడలోని కలంకారీ

అమెరికాలోని క్యారీ అనే ఊళ్లో డిటెక్టివ్ దమయంతి ఆఫీసు ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన ఉంటుంది. మెట్లెక్కి వచ్చేవాళ్లలో సగంమంది పంటినొప్పితో దారి తప్పినవాళ్లే. అందుకని ఆ ఉదయం ఒక అమ్మాయి చెంపకి చెయ్యి ఆనించుకుని గుమ్మంలో నిలబడగానే, అసిస్టెంట్ అవినాష్ "క్లినిక్ కింద అండీ" అనేశాడు.

"నాకు పన్ను నొప్పి లేదు సార్. నన్ను దొంగను చేసిన్రు," అంది ఆ అమ్మాయి.

దమయంతి కుర్చీ చూపించింది. ఓడ సరుకుల ఇన్సూరెన్సు కంపెనీలో చాలాకాలం మోసాలు పట్టి, తర్వాత సొంతంగా లైసెన్సు తీసుకున్న మనిషి ఆవిడ. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే రెప్ప వెయ్యకుండా చూస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడి ఆవిడ దగ్గర చేరిన అవినాష్‌కి ఆ చూపంటే భక్తి.

అమ్మాయి పేరు రేష్మ. నల్గొండ నుంచి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. పరిశోధన యూరప్‌లో పట్టుబడ్డ వర్తక ఓడల మీద. మూడు వందల ఏళ్ల కిందట అక్కడి రాజ్యాలు కొట్టుకుంటున్న రోజుల్లో, రాజుగారి అనుమతి పత్రం పెట్టుకుని శత్రుదేశపు ఓడల్ని సరుకుతో సహా పట్టుకునేవాళ్లు ఉండేవారు. పత్రం ఉంటే అది యుద్ధం, లేకపోతే దొంగతనం. పెద్దమనుషుల పద్ధతులు ఎప్పుడూ అంతే.

అలా పట్టుబడ్డ ఒక డచ్చి ఓడలోదని చెప్పే మచిలీపట్నం కలంకారీ గుడ్డ ఈ ఊళ్లో రామమోహన్ ఇంట్లో ఉంది. మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయన దాన్ని వేలంలో కొని, పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. యూనివర్సిటీవాళ్లు ఎగ్జిబిషన్‌కి అడిగారు. ముందుగా ఫొటోలు తీసే పని రేష్మకి అప్పగించారు. తీరా మ్యూజియం నిపుణురాలు అంకిత చూసి, దారం మిషన్ మీద వడికిందని, గుడ్డ ఈ కాలంలో తయారైందని తేల్చి, రామమోహన్‌కి ఫోన్ చేసి చెప్పేసింది.

"అంకిత ఫోన్ చేసినప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడిగింది దమయంతి.

"వాళ్లింట్లనే ఉన్న మేడం."

"ఆయన విని ఏమన్నాడు?"

"అసలుది మార్చేసిన్రు, తాళం రేష్మ దగ్గరే ఉంది అన్నడు. వెంటనే అన్నడు."

"తాళం నువ్వు అడిగావా?"

"లేదు, ఆయనే పిలిచి ఇచ్చిండు. డిపార్ట్‌మెంట్‌కి కంప్లైంట్ పెట్టిండు. సోమవారం హియరింగ్. సస్పెండ్ చేస్తే యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాయితం పోతది, దాంతోని వీసా పోతది. చదువు సగంల వదిలేసి, దొంగ అనిపించుకొని పోవాల్నా మేడం?"

"తీశావా?"

"తియ్యలే."

"అయితే లే, కారెక్కు. దారిలో నీ ఓడల సంగతులు చెప్పు."

రేష్మను లోపలికి రానివ్వనని రామమోహన్ గుమ్మంలోనే చెప్పేశాడు. ఆ పిల్ల కారులోనే కూర్చుంది. మనిషి మర్యాదగానే ఉన్నాడు గానీ, ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి తను మాత్రం నిలబడే మాట్లాడాడు.

"ఆరేళ్లు కంటికి రెప్పలా చూసుకున్నానండీ. ఒక్క పిల్లని నమ్మాను. అదీ నా తప్పు."

"గుడ్డ ఎక్కడ అమ్మి ఉంటుందంటారు?"

"అది మీరు కనుక్కోవాలి."

కొడుకు రోహన్ గరాజ్‌లో ఏదో పెట్టె సర్దుతున్నాడు. వీళ్లని చూడగానే మూత మూసేశాడు. అవినాష్ మోచేత్తో దమయంతిని పొడిచాడు.

"స్పేర్ కీ నా దగ్గర ఉంది, యా," అన్నాడు రోహన్. "కానీ నేను తీయలేదు, ఆంటీ. రేపు నేను ఇంట్లోనే లేను."

"రేపా?"

"సారీ, నిన్న. డాడ్‌కి ఆ క్లాత్ అంటే నాకంటే ఎక్కువ లవ్. నేను టచ్ కూడా చేయను."

పెట్టె తెరిపిస్తే అందులో పాత స్నోబోర్డు బూట్లు ఉన్నాయి. తండ్రికి తెలియకుండా పారేద్దామనుకున్నాడట. అవినాష్ ముఖం చిన్నబోయింది.

వంటింట్లో రామమోహన్ భార్య రాధారాణి కాఫీ కలుపుతోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"ఇదివరకు ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు ఆ గుడ్డే చూపించేవారండీ. పోయినేడు న్యూయార్క్ తీసుకెళ్లి, పాత గుడ్డల సంగతి తెలిసిన ఎవరో పెద్దాయనకి చూపించొచ్చారు. అప్పట్నుంచి చుట్టాలొచ్చినా ఆ గుడ్డ పెట్టె తెరిస్తే ఒట్టు."

"న్యూయార్క్ ఆయన ఏమన్నాడట?"

"బాగుందన్నాడట."

మ్యూజియం నుంచి తిరిగొచ్చిన గుడ్డని దమయంతి బల్ల మీద పరిచి, వెనక్కి తిప్పింది. అంచు కుట్టిన మడత విప్పి చూస్తే ఒక మూల లోపల, పక్కకి సాగిన చిన్న పసుపురంగు మరక కనిపించింది. అక్కడ తేలిన దారప్పోగు ఒకటి తుంచి, వంటింటి సింకు దగ్గర సబ్బు బిళ్లకి రుద్దింది. పోగు ఎర్రబడింది.

"రక్తమా మేడం?" అన్నాడు అవినాష్ గొంతు తగ్గించి.

"నువ్వెప్పుడైనా చేత్తో బట్టలుతికావా?" అంది దమయంతి. "వెళ్లి రేష్మని తీసుకురా. అందరినీ హాల్లోకి రమ్మను."

రామమోహన్ గొణుగుతూనే వచ్చాడు. రేష్మ తలుపు పక్కనే నిలబడింది.

"రామమోహన్ గారూ, ఇది మీరు వేలంలో కొన్న గుడ్డ కాదంటారు."

"ఎన్నిసార్లు చెప్పాలి? కాదు."

"ఖాయమేనా?"

"నా గుడ్డ నాకు తెలీదా అండీ?"

దమయంతి రాధారాణి వైపు తిరిగింది. "అమ్మా, ఇంటికి కొత్తబట్ట వస్తే మీరు ముందు ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, ఓ మూల కాస్త పసుపు పెడతాం."

"ఈ గుడ్డ వేలం నుంచి వచ్చిన రోజున?"

రాధారాణి భయంగా భర్తని చూసింది. "తిట్టకండేం. ఎంత పాతదైనా మనింటికి కొత్తే కదా. వెనకాల అంచు మడతలో కనపడకుండా పెట్టాను. మ్యూజియం వస్తువుకి పసుపేమిటని అరుస్తారని చెప్పలేదు."

దమయంతి మడత తిప్పి చూపించింది. రాధారాణి వంగి చూసింది.

"ఇదే! మీరు గదిలోకి వస్తుంటే చెయ్యి లాగేశాను. అందుకే ఇలా సాగిపోయింది."

అంతసేపూ నిలబడే ఉన్న రామమోహన్ సోఫాలో కూర్చున్నాడు.

"సబ్బు తగలగానే ఎర్రబడింది, అంటే పసుపే. ఆవిడ తప్ప ఎవరికీ తెలియని పసుపు ఇది," అంది దమయంతి. "మార్చినవాళ్లు కొత్త గుడ్డ మీద దీన్ని పెట్టలేరు. కాబట్టి ఎవరూ ఏమీ మార్చలేదు. మీరు కొన్నదే నకిలీ. న్యూయార్క్ ఆయన ఆ సంగతి మీకు చెప్పేశాడు. అంతకాలం ముచ్చటపడిన వస్తువు కొత్తదంటే ఎవరైనా 'మళ్లీ చూడండి' అని బతిమాలతారు. మీరు మాత్రం 'మార్చేశారు' అన్నారు. ఎవరినీ ముట్టనివ్వని పెట్టె తాళం పిలిచి మరీ ఈ పిల్లకి ఇచ్చారు."

"మేడం, ఆయనే ఎందుకు చేస్తాడు?" అన్నాడు అవినాష్.

"రేష్మ కారులో చెప్పింది. కొందరు కెప్టెన్లు కావాలనే శత్రువుకి ఓడని అప్పగించేవాళ్లట. ఓడ పోతే, లోపలి సరుకు ఎలాంటిదో ఎవరూ అడగరు. ఈయనకీ గుడ్డ పోవడమే కావాలి. పట్టుకుపోయినవాళ్లు ఒకరు ఉండాలి కదా, అందుకు ఈమె దొరికింది."

రామమోహన్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. "మన తెలుగు అసోసియేషన్‌లో ఎన్నిసార్లు స్పీచ్ ఇచ్చానో దాని మీద. అందరి ముందూ మోసపోయానని ఎలా చెప్పను?"

"డాడ్, తను స్టూడెంట్," అన్నాడు రోహన్. ఆ గొంతులో అసహ్యం వినబడింది.

"కంప్లైంట్ వెనక్కి తీసుకుంటాను. పొరబాటు పడ్డానని ఈమెయిల్ పెడతాను."

"పొరబాటు కాదంకుల్," అంది రేష్మ. "అబద్ధం. ప్రొఫెసర్‌కి ఫోన్ చేసి అట్లనే చెప్పాలె. ఇప్పుడే."

రామమోహన్ భార్య వైపు చూశాడు. రాధారాణి బల్ల మీది ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఇంగ్లిష్‌లో చెప్పాడు. "అబద్ధం చెప్పాను" అన్న చోట ఆగి, నీళ్లు తాగి, మళ్లీ అన్నాడు. తర్వాత ఫోన్ రేష్మకి అందించాడు. ఆమె రెండు మూడుసార్లు "యెస్ ప్రొఫెసర్" అని పెట్టేసింది.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు రామమోహన్.

రేష్మ గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు కట్టుకోసాగింది. రాధారాణి కాఫీ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఒక్క గుక్క తాగి వెళ్లు తల్లీ."

"వద్దు ఆంటీ, సోమవారం ఇగ హియరింగ్ లేదు, క్లాసుంది. చదువుకోవాలె."

ఆంటీ చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది. అంకుల్ వైపు చూడకుండానే మెట్లు దిగింది.