చక్రం వెనక దిమ్మ

పొద్దున్న ఏడు కాకముందే ఆవిడ గుడ్డసంచి సర్దడం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్ళు ఎవరూ ఊరికి వెళ్ళడం లేదు. వెళ్తున్నది పికప్ బండి. ఇరవై రెండేళ్ళు వాకిట్లో నిలబడ్డ బండిని పదింటికి మొక్కల నర్సరీ ఆయన వచ్చి తోలుకుపోతాడు.

కిటికీ అద్దం జారిపోకుండా సందులో దూర్చే వంకర స్క్రూడ్రైవరు, రేడియేటరులో పోసే నీళ్ళ సీసా, తన చేత్తో కుట్టిన సీటు మెత్త, అద్దాలు కట్టే తాళ్ళు. అన్నీ వేసింది. వేసినవన్నీ తీసి మళ్ళీ వేసింది. మధ్యలో రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి బండి ఉందో లేదో చూసి వచ్చింది.

“అమ్మా, అదెక్కడికీ పారిపోదు. నాలుగోసారి తాళం తిప్పితే గానీ దగ్గదు కూడా,” అంది కూతురు, టీ గ్లాసు పట్టుకుని. అద్దాల దుకాణం రెండేళ్ళుగా కూతురి చేతిలోనే ఉంది. కొలతలు, కోతలు, బిగింపులు అన్నీ తనే చూసుకుంటుంది. కొత్త బండి కొన్నదీ తనే. నిన్న సాయంత్రం నుంచి అది తెల్లగా, కొత్త చుట్టంలా ముడుచుకుని గోడవారగా నిలబడి ఉంది.

“ఆ సంచి ఏంటి? పిల్లని కాపరానికి పంపుతున్నట్టు!”

“మరి ఆయనకెలా తెలుస్తాయే ఇవన్నీ? కిటికీ సంగతీ, రేడియేటరు సంగతీ...”

“అటు నాన్నని చూడు. ఆయన నీకంటే ఎక్కువ.”

భర్త వాకిట్లో గొట్టం పట్టుకుని బండి కడుగుతున్నాడు. అమ్మేసే బండిని అంతలా తోమక్కర్లేదు. దాన్ని ఆయన ‘పెద్దమ్మాయి’ అంటాడు. అందుకే అసలు అమ్మాయికి చిన్నప్పటి నుంచీ దాని మీద కాస్త కుళ్ళు.

ఇంక చెక్క దిమ్మ ఒక్కటే మిగిలింది. ఆ బండికి హ్యాండ్‌బ్రేకు ఏనాడూ సరిగ్గా పట్టలేదు. వాకిలి చూస్తే వీధివైపు వాలు. అందుకని బండి ఆపిన ప్రతిసారీ వెనక చక్రం కింద దిమ్మ పెట్టాలి. పెట్టినవాళ్ళు లోపలికొస్తూ “దిమ్మ పెట్టాను” అని కేకెయ్యాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు “సరే” అనాలి. ఆ మాట వినబడితేనే ఆ ఇంట్లో మనిషి వచ్చినట్టు లెక్క. ఇవాళ బండి కడగడానికని ఆయన చక్రం కింద ఇటుకలు పెట్టి, దిమ్మని లోపల పడేశాడు.

ఆవిడ దిమ్మని ఒళ్ళో పెట్టుకుంది. సంచిలో వెయ్యడానికి చెయ్యి రాలేదు.

“బండి ఇవ్వద్దే. అలా మూలన పడి ఉంటుంది.”

కూతురు గ్లాసు ఠక్కున కింద పెట్టింది. “మళ్ళీ మొదటికొచ్చావా? పోయిన నెల వంతెన మీద ఆగిపోయింది. వెనక పన్నెండు అద్దాలు, ముందు నేను. లారీలవాళ్ళు హారన్లు కొట్టి చంపారు. నేనేమైపోయినా ఫర్వాలేదా నీకు?”

“అలా అనకే.”

“మరెలా అనాలి? ఎవరి కోసమో నాకు తెలీదా? బాబాయ్ కోసం. అంతేగా?”

“వాడు డ్రైవింగు నేర్చుకుంది దాని మీదే. రేపు వస్తే, వాకిట్లో వాడికి తెలిసింది ఒక్కటైనా ఉండద్దూ?”

“పదిహేనేళ్ళయిందమ్మా!”

గొట్టం కింద పడేసి భర్త లోపలికొచ్చాడు. “పొద్దున్నే వాడి మాటెందుకు? దిమ్మ పెట్టకుండానే పెట్టానని చెప్పి, బండి వీధిలోకి దొర్లిపోయి పదకొండు అద్దాలు నుగ్గయ్యేలా చేసి, ఒక్క మాట అన్నానని ఇల్లొదిలి పోయినవాడు!”

“మీరు మాట అనలేదు. కొట్టారు.”

“కొట్టాను. తప్పు చేశాడు, కొట్టాను.”

“వాడు చెయ్యలేదు.” ఆవిడ దిమ్మ వంకే చూస్తూ అంది, “దిమ్మ తీసింది నేను. పెరటి తలుపు గాలికి కొట్టుకుంటోంది. చేతినిండా తడిబట్టలు. రెండు నిమిషాలే కదా అని చక్రం కింద నుంచి తీసుకెళ్ళి తలుపుకి అడ్డం పెట్టాను. అంతకుముందే వాడు ‘దిమ్మ పెట్టాను వదినా’ అంటే, ‘సరే’ అన్నదీ నేనే.”

వాకిట్లో నీళ్ళు పోతూనే ఉన్నాయి.

“నలుగురిలో మీరు వాణ్ణి కొడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. మీ కోపం చల్లారాక చెబుదామనుకున్నాను. తీరా చూస్తే వాడు లేడు. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటూనే ఇన్నేళ్ళు... ఆ బండి కూడా పోతే ఇంకెప్పటికీ చెప్పలేనండీ.”

ఆయన అరవలేదు. గడప మీద కూలబడి, “నా చేత వాణ్ణి కొట్టించావు,” అన్నాడు.

ఆవిడ తలూపింది. తొమ్మిదేళ్ళ మరిదికి అన్నం కలిపి పెడుతూ ఆ ఇంట్లో కాపరం మొదలుపెట్టిన మనిషి ఆవిడ.

కూతురు గోడకి ఆనుకుంది. “అమ్మా... ఆ రోజు నాకు జ్వరం. వసారాలో మంచం మీద పడుకుని ఉన్నాను. బాబాయ్ భుజాన సంచితో పెరటి తలుపు దాకా వచ్చాడు. అక్కడ దిమ్మ చూశాడు. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత దాన్ని తీసుకెళ్ళి బండి చక్రం కింద పెట్టొచ్చాడు. నావైపు చూసి నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ఆట అనుకున్నానమ్మా. పదేళ్ళదాన్ని. ఎవరికీ చెప్పలేదు.”

ఆ దిమ్మ మళ్ళీ చక్రం కిందికి ఎలా చేరిందో ఆవిడకి ఏనాడూ అంతుబట్టలేదు. భయంలో తనే పెట్టి మరిచిపోయాననుకుంది. వాడికి తెలుసు. తెలిసి, వదిన మాట బయటపడకుండా దిమ్మని చోటుకి చేర్చి మరీ వెళ్ళాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

భర్త లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. “వాడే నిన్ను దాచి వెళ్ళాడు. ఇంక నిన్ను అనడానికి నేనెవర్ని?” అన్నాడు. కాసేపు తన కుడిచెయ్యి చూసుకుని, దాన్ని ఒళ్ళో దాచుకున్నాడు.

పదింటికి నర్సరీ ఆయన వచ్చాడు. “ఇంత తోమేశారేంటండీ! దీని పక్కన నేనే ముసలాణ్ణిలా ఉన్నాను,” అని నవ్వాడు. ఇంట్లోవాళ్ళ కళ్ళు చూసి, నవ్వు మింగేశాడు.

ఆవిడ సంచి అందించింది. స్క్రూడ్రైవరు సంగతి చెప్పింది, నీళ్ళ సంగతి చెప్పింది. “వాలులో ఆపితే చక్రం కింద ఏదైనా పెట్టుకోండి నాయనా. పెట్టాక ఎవరూ తియ్యకుండా చూసుకోండి.”

నాలుగోసారికి బండి దగ్గి, కదిలింది. మలుపు దగ్గర దాని వెనక ఎర్రలైటు ఒక్కసారి వెలిగింది. రెండోది ఎప్పుడో పోయింది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని అటే చూసింది. “మా అక్క వెళ్ళిపోయిందే,” అని ముక్కు చీదింది.

కొత్త బండిని కూతురు బండి స్థలంలోకి తెచ్చి ఆపింది. దానికి హ్యాండ్‌బ్రేకు రాయిలా పడుతుంది. అయినా భర్త ఏమీ అనకుండా వంగి, వెనక చక్రం కింద దిమ్మ పెట్టాడు. కూతురు వద్దనలేదు.

ఆయన లోపలికొస్తూ గుమ్మంలో ఆగాడు. “దిమ్మ పెట్టాను,” అన్నాడు.

“సరే,” అంది ఆవిడ. ఆ మాట ఆయనకి వినబడలేదు. ఆయన ఆగాడు. ఆవిడ మళ్ళీ అంది, “సరే.”

మరిది తిరిగి రాలేదు. పదిహేనేళ్ళ కిందట, వానాకాలం మొదట్లో, ఒక గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకి పెరటి తలుపులోంచి వెళ్ళాడు. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్ళు.