క్యాలెండర్ కాగితాల్లో మాత్రలు

"ముందు ఆ మాట కొట్టేయండి!"

ప్రత్యూష చేతిలోని ఫైలును రాంప్రసాద్ బల్ల మీద విసిరింది. కోపంలో గొడుగు మూయడం మరిచిపోయింది. వాన నీళ్ళు కారి అతని కాగితాలన్నీ తడుస్తున్నాయి.

"ఏ మాట?"

"రెసిస్టెన్స్! మా నాన్నకి మందు పనిచెయ్యడం మానేసిందని రాసింది మీరే కదా? ఆ ఒక్క మాట పట్టుకుని సోమవారం ఆయన్ని ముంబై పంపుతున్నారు, ఎముక మూలుగ మార్పిడికి. వందమందిలో ముప్పైమంది తిరిగి రారట. నిజమేనా?"

అబద్ధం చెప్పాలనుకున్నాడు. నోరు రాలేదు. "ఇంచుమించు నిజమే."

"అచ్ఛా! అయితే ఆదివారం మీ అమ్మానాన్నల్ని మా క్వార్టర్‌కి తీసుకురాకండి. పెళ్ళిమాటలు లేవు, ఏటీ లేదు!"

అది 2009 జూలై. ప్రత్యూష తండ్రి గోవిందరావు బిలాస్‌పూర్‌లో గూడ్స్ గార్డు. రెండేళ్ళ క్రితం రక్తక్యాన్సర్ అని తేలింది. రోజుకో మాత్ర వేసుకుంటూ మామూలుగా డ్యూటీ చేస్తున్నాడు. రక్తంలో క్యాన్సర్ గుర్తు దాదాపు మాయమైంది. నాలుగు నెలలుగా అది మళ్ళీ పెరుగుతోంది.

కొందరిలో అలా ఎందుకు పెరుగుతుందో పరిశోధించడానికే ఏడాది క్రితం ఒంగోలు నుంచి ఇక్కడి రైల్వే ఆసుపత్రికి వచ్చాడు డాక్టర్ రాంప్రసాద్. ఊళ్ళోనే సర్కండా పేటలో అద్దె గది. మొదటిరోజు గోవిందరావు నరం కోసం రెండుసార్లు గుచ్చి తప్పాడు. "సూది పట్టడం పుస్తకంలో చదివి నేర్చుకున్నారా?" అంది పక్కనే ఉన్న ప్రత్యూష. మూడోసారి సరిగ్గా గుచ్చాడు కానీ, చూపు మాత్రం ఆమె మీంచి తిప్పుకోలేకపోయాడు. ఆ సంగతి గోవిందరావు కూడా గమనించాడు.

"ప్రత్యూషా, విను. క్యాన్సర్ కణంలో ఒక తాళం ఉంటుంది. మన మాత్ర దానికి తాళంచెవి. కణం తాళం మార్చేస్తే చెవి పట్టదు."

"తాళం మారిందని చూశారా?"

అతను తల దించుకున్నాడు. "ఆ పరీక్షలో మార్పేమీ కనపడలేదు."

"కనపడకుండానే రాసేశారా! మీ థీసిస్‌కి ఒక కేసు కావాలి. దానికి మా నాన్న దొరికాడు!"

ఆ మాట సూదిలా దిగింది. ఆమె వెళ్ళిపోయాక తడిసిన కాగితాలు మళ్ళీ తిరగేశాడు. రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే పద్ధతి ఈ మధ్యే వచ్చింది. అది ముందే చేయించాల్సింది. మొన్న గోవిందరావు డ్యూటీ దిగగానే తీసిన రక్తంలో మిగిలినదాన్ని ఐసులో పెట్టి ఆ రాత్రి బండికే హైదరాబాద్‌లోని స్నేహితుడికి పంపాడు.

శనివారం పొద్దున్నే తడిసి ముద్దై క్వార్టర్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయన రక్తంలో మందే లేదు!"

"ఏటండీ ఇది!" ప్రత్యూష తల్లి కనకమహాలక్ష్మి వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "ఇంట్లో ఉంటే నా కళ్ళముందే మింగుతారు. లైను మీదికెళ్తే క్యారేజీలో పెడతాను. ఆ రోజు క్యాలెండర్ కాగితం చింపి, అందులో పొట్లం కట్టి మరీ పెడతాను. తేదీ చూసైనా గుర్తొస్తాదని!"

"ఆ పొట్లం వెనక్కి వస్తుందా?"

"ఎందుకొస్తాదీ? క్యారేజీ ఖాళీగానే వస్తాది."

ప్రత్యూష, రాంప్రసాద్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గోవిందరావు డ్యూటీ దిగే వేళకి స్టేషన్‌కి బయల్దేరారు. ఇద్దరికీ ఒకటే గొడుగు. అతని ఎడమభుజం, ఆమె కుడిభుజం తడుస్తున్నాయి.

"దగ్గరికి జరగొచ్చు."

"కోపంలో ఉన్నాను. జరగను." రెండడుగులు వేసి జరిగింది.

గార్డులు డ్యూటీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు సంతకం పెట్టే లాబీ గదిలో గోవిందరావు సంతకం పెడుతున్నాడు. పక్కన ఆయన లైన్ బాక్స్. జెండాలు, దీపం ఉండే ఆ నల్లటి ఇనప్పెట్టెను ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ ముట్టరు.

"నాన్నా, పెట్టె తెరువు."

"ఏటమ్మా? ఎందుకూ?"

"తెరువు!"

ఎర్రజెండా కింద ఒక బిస్కెట్ డబ్బా. అందులో క్యాలెండర్ కాగితాల పొట్లాలు. మార్చి, ఏప్రిల్, మే, జూన్, జూలై. ప్రతి పొట్లంలో ఒక మాత్ర. ప్రతి తేదీ గూడ్స్ డ్యూటీ ఉన్న రోజే.

"చచ్చిపోదామనుకున్నావా నాన్నా?"

"ఛ! బతుకుదామనే..." గోవిందరావు గోడకేసి చూశాడు. "అదేసుకుంటే కడుపు ఆగదమ్మా. ఇంట్లో పర్లేదు. బొగ్గుబండిని ఎక్కడో అడవిలో ఆరుగంటలు ఆపేస్తారు. బండి చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యాన్‌లో నేనొక్కణ్ణే, వదిలి ఎక్కడికెళ్తాను? మార్చిలో ఒకసారి... యూనిఫాం మార్చుకోవాల్సొచ్చింది."

"మరి నాకు చెప్పొచ్చు కదండీ!" అన్నాడు రాంప్రసాద్.

"ఇంకో డాక్టరైతే చెప్దునే బాబూ. కాబోయే అల్లుడికి ఏటని చెప్పను?"

రాంప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంతకాలం మాత్రకు అడ్డుపడింది తన ప్రేమే!

"కడుపు నిలవడానికి మందుంది. ప్యాసింజర్ బండికి మార్చమని ఇవాళే లెటర్ రాస్తాను. మందు సరిగ్గా పడితే గుర్తు మళ్ళీ తగ్గాలి. రెండు నెలలు చూద్దాం. ముంబై ప్రయాణం ఆపమని మా పెద్ద డాక్టరుగారికి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

"మరి రేపు ఆదివారం కదా?" గోవిందరావు గొణిగాడు. "మీ అమ్మానాన్నల్ని తీసుకురా బాబూ."

"ముందు ఆ మాట కొట్టాలి," అంది ప్రత్యూష.

రాంప్రసాద్ ఫైలు తీశాడు. 'రెసిస్టెన్స్' మీద అడ్డంగా గీత గీసి, కింద రెండు వరుసలు రాసి ఆమెకిచ్చాడు.

"తెలుగులో రాశారేటి! హిందీ బళ్ళో చదివిన నాకు తెలుగు చదవడం సరిగా రాదని తెలుసుగా?"

"నెమ్మదిగా చదువు. ఇక్కడున్న గార్డులందరూ వినాలి."

ఆమె వేలు పెట్టి చదివింది. "కణం... తాళం మార్చలేదు. మాత్రను ఆపిన నేరస్థుడు..." ఆగింది. కళ్ళు మండాయి.

"గట్టిగా చదువమ్మా," అన్నాడు మూలబెంచీ మీది ముసలి గార్డు అమ్మన్న. "ఏళ్ళ తరబడి మేమెవరం పైకి అనలేదు."

ప్రత్యూష తలెత్తింది. ఇక కాగితం అక్కర్లేదు.

"పద్నాలుగు గంటలు మనిషిని కూర్చోబెట్టి, ఒక్క మరుగుదొడ్డి కూడా లేని ఆ బ్రేక్ వ్యాన్!"