బనియను మీద కొలత

ఆదివారం పొద్దున సేలం బండి బొమ్మిడి స్టేషన్ దాటే వేళకి సుబ్బన్న ఇంట్లో రాగి సంగటి దిగుతుంది. ఆ రోజూ దిగింది. కోడలు యోగలక్ష్మి సగం ముద్ద పళ్లెంలో పెట్టి, పక్కన ఇంత ఆకుకూర వేసి మామ ముందుంచింది. మరుక్షణం పళ్లెం ఎగిరి గోడకు తగిలింది, ముద్ద కిటికీ కింద పడింది. ముప్పై నాలుగేళ్లుగా ఆ ఇంట్లో పళ్లేలు ఎగరడం చూస్తున్న పెళ్లాం నంజమ్మ చీపురు తెచ్చింది.

సుబ్బన్న కోపిష్ఠి అనడం చిన్న మాట. ఆ మనిషి నోటికంటే ముందు చెయ్యి మాట్లాడుతుంది. మరవల్లి దుంప తోటలో కూలివాళ్లకి ఆ సంగతి తెలుసు, పెళ్లాం వీపుకి ఇంకా బాగా తెలుసు. ఇప్పుడు మోకాళ్లు రెండూ అరిగిపోయి, తోటకి పోవాలంటే కొడుకు ధర్మేంద్ర బండి ఎక్కించాలి. కూర్చుండిపోయిన మనిషికి కోపం తగ్గుతుందా? రెండింతలైంది.

సేలంలో డాక్టరు మోకాలు మారుస్తానన్నాడు, కానీ రక్తం చూసి ఆగాడు. సి.ఆర్.పి. పన్నెండు ఉంది, ఒంట్లో ఎక్కడో మంట ఉందని లెక్క, పది లోపలికి దిగితేనే కత్తి పెడతాను, షుగరు కూడా ఉంది, ముందు ఆ పొట్ట తగ్గించుకుని రండి అన్నాడు. యోగలక్ష్మికి ఇదంతా కరతలామలకం. ఆమె ధర్మపురిలో ఒక ల్యాబులో టెక్నీషియన్. పొట్టలో కొవ్వు ఊరికే కూర్చోదు మామా, అది లోపల్లోపల సెగ పెడుతూనే ఉంటుంది, నడుము కొలత ఎంత పెరిగితే రక్తంలో ఆ అంకె అంత పెరుగుతుంది అని ఇంటిల్లిపాదికీ నూరిపోసింది. అబద్ధం కాదు. ల్యాబుకి వచ్చేవాళ్లలో అలాంటివి వందలు చూసింది. ఆ రోజు నుంచి సంగటి సగమైంది, పల్లీల డబ్బా అటక ఎక్కింది.

ప్రతి ఆదివారం టేపు పట్టేది కూడా ఆమే. అయితే మామ బనియను ఎత్తమని కోడలు ఎలా అడుగుతుంది? ఆయనైనా ఎలా ఎత్తుతాడు? బనియను మీదే టేపు చుట్టి, ముఖం అటు తిప్పుకుని అంకె చదివేది. నూట పన్నెండు సెంటీమీటర్లున్న నడుము ఆరు వారాల్లో నూట ఏడుకి దిగింది. ఆ అమ్మాయి మురిసిపోయింది కూడా.

నిన్న శనివారం మామ రక్తం తీసుకుపోయి తన చేత్తోనే పరీక్ష చేసింది. నలభై ఒకటి. నమ్మకం కుదరక మళ్లీ చేసింది. మళ్లీ నలభై ఒకటే. ఇంటికొచ్చి రాత్రంతా మనసులో పెట్టుకుని ఉడికింది. పళ్లెం ఎగిరిన ఈ పొద్దున ఇక ఆగలేకపోయింది.

అంకె చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, లోపలికి పోయి ఉతకాల్సిన బట్టల్లోంచి మామ బనియన్లు రెండు తెచ్చి అందరి ముందూ పరిచింది. పొట్ట దగ్గర నూనె జిడ్డుతో పసుపు పచ్చని మరకలు. ఇంట్లో పులుసు ఉప్పు లేకుండా, నూనె లేకుండా కాస్తున్నాను, మరి ఈ మరక ఎక్కడిది, ఎవరో చాటుగా పెడుతున్నారు, అందుకే ఆ అంకె ఎక్కింది అంది.

ధర్మేంద్ర తల్లివైపు తిరిగాడు. ఆ చాటు మనిషి ఆమె కాక ఇంకెవరు? ఆయన కాలు బాగుపడటం నీకు ఇష్టం లేదా అని అరిచాడు. నంజమ్మ తెల్లబోయి మొగుడివైపు చూసింది. సుబ్బన్న బనియన్లవైపు చూస్తూ అన్నాడు.

"అవునురా. మీ అమ్మే పెడతా ఉండాది. చాలునా?"

"నేను పెట్టలేదు," అంది నంజమ్మ.

ఆ ఇంట్లో ఆమె ఆయన మాటకి ఎదురు చెప్పడం అదే మొదలు. సుబ్బన్న చేతికందిన సంగటి తెడ్డు తీసి మూతి మీద కొట్టాడు. పెదవి చిట్లి రక్తం జాకెట్టు మీద కారింది. ఆమె అక్కడే నిలబడి మళ్లీ అదే మాట అంది. తెడ్డు రెండోసారి లేచింది.

ఈసారి ధర్మేంద్ర పట్టుకున్నాడు. పట్టు వదల్లేదు. ఇద్దరూ కలియబడ్డారు. బిందె దొర్లింది, ఇల్లంతా నీళ్లు. సుబ్బన్న కొడుకు మెడ పట్టుకుంటే, కొడుకు తండ్రి బనియను పట్టుకుని గోడకేసి నెట్టాడు. బనియను పైనుంచి కిందిదాకా చిరిగిపోయింది.

వాసన ముందొచ్చింది. ఆ వెనక యోగలక్ష్మికి కనిపించింది. జారిన పొట్ట మడత కింద మొలతాడు మాంసంలోకి దిగిపోయి ఉంది. ఒక పక్క మాత్రమే ఎర్రతాడు బయటికి కనిపిస్తోంది. మిగతా చోటంతా వాచి, చీము పట్టి, దాని మీద ముద్దగా పూసిన పసుపు. బనియన్లకి అంటింది పులుసు కాదు, ఈ పసుపు.

యోగలక్ష్మి తల గోడకేసి కొట్టుకోవాలనుకుంది. పొట్ట కొవ్వు వల్ల ఐదు వస్తుంది, ఎనిమిది వస్తుంది, మరీ అయితే పది పన్నెండు. నలభై ఒకటి రాదు. పక్కింటివాళ్ల కాగితం అయితే చూడగానే చెప్పేది, ఎక్కడో పుండుంది వెతకండి అని. సొంత మామకి మాత్రం దొంగతిండి అంటగట్టింది. షుగరున్న మనిషిని, లోపల కుళ్లుతున్న మనిషిని ఆరు వారాలు పస్తు పెట్టింది.

"మామా, ఆ తాడు ఇప్పుడే తెంచాల. ఆస్పత్రికి పోవాల," అంది ఏడుస్తూ.

తాడు అన్న మాట వినగానే సుబ్బన్న గోడ పట్టుకుని లేచి, వాకిలి పక్కన చూరులో దోపిన కొడవలి లాక్కున్నాడు. దాని మీద చెయ్యి వేసినవాడిని నరుకుతానన్నాడు. నరికేలాగే ఉన్నాడు. అరుపుల మధ్య అసలు భయం బయటపడింది. అన్న మునియన్‌కి ఆపరేషన్ ముందు నర్సు మొలతాడు కత్తిరించింది, ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు. పుట్టిన పదకొండో నాటి నుంచి ఉన్నది, పాతబడితే ముడి విప్పి మార్చుకోవచ్చు గానీ తెంచకూడదు, కట్టెల మీద కొడుకు తెంచాలి, అంతవరకూ దానికి కత్తెర తగలకూడదు. పుండు చూపిస్తే తెంచుతారని నాలుగు నెలలుగా ఒక్కడే పంపుసెట్టు దగ్గర స్నానం చేసి, పసుపు పూసుకుని, నొప్పి అంతా ఇంట్లోవాళ్ల మీద తీర్చుకున్నాడు.

యోగలక్ష్మి మొగుడివైపు చూసింది. ధర్మేంద్ర అడుగు వెనక్కి వేశాడు.

"నేను తెంచితే నాయనకి కొరివి పెట్టినట్టే. నా వల్ల కాదు."

అప్పుడు నంజమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. కుట్టుమిషను మీది కత్తెర తీసుకుని నేరుగా మొగుడి ముందుకి పోయింది. సుబ్బన్న కొడవలి ఊపాడు. అది ఆమె ముంజేతిని గీసుకుంటూ పోయింది, జానెడు పొడవున తెగి రక్తం చిమ్మింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఇంకో చేత్తో కొడవలి పిడి పట్టుకుంది.

"నువ్వు పోతే బొట్టు పోయేది నాకు. వాడికి కాదు. నేనే తెంచుతాను. నరుకుతావా, నరుకు."

సుబ్బన్న ఆమె ముఖంలోకి చూశాడు. ఎన్నాళ్లకి చూశాడో. కొడవలి కింద పడింది. మనిషి గోడ వెంట జారి కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"అత్తా, లోపల దిగింది లాగొద్దు. బయట కనిపించే చోట ఒక్క కోత చాలు, మిగతాది డాక్టరు తీస్తాడు," అని యోగలక్ష్మి వేలితో చోటు చూపింది. ఈసారి ముఖం తిప్పుకోలేదు. నంజమ్మ కత్తెర నొక్కింది. నూనె, పసుపు పట్టి గట్టిపడిన తాడు రెండోసారికి గానీ తెగలేదు.

సుబ్బన్న కళ్లు మూసుకునే ఉన్నాడు.

"నంజా, నేను ఉండానా?"

"ఉండావు."

ఆయన కళ్లు తెరిచాడు. నంజమ్మ ఆయన ముందు తడినేల మీద కూర్చుంది. మాట మెల్లగానే వచ్చింది.

"నువ్వు సావాలని నేనెప్పుడూ మొక్కుకోలేదు. ఇన్ని దెబ్బలు తిన్నా మొక్కుకోలేదు. కానీ ఇంకొకసారి నా మింద చెయ్యెత్తితే, నీ తాడు తెంచిన చేత్తోనే నా తాళి తీసి గూట్లో పెట్టి పళ్లిపట్టికి మా అక్క ఇంటికి పోతాను. ఇది బెదిరింపు కాదు."

సుబ్బన్నకి ఏడుపు వచ్చేసింది, పెద్దగా, సిగ్గు లేకుండా. తప్పు నాది కూడా మామా అని కోడలు పక్కన కూర్చుంటే, తల అడ్డంగా ఊపాడు. ధర్మేంద్ర కారు కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు.

కారు వచ్చింది. కొడుకు, కోడలు చెరో చెయ్యి పట్టి ఎక్కించబోతే సుబ్బన్న తలుపు దగ్గర ఆగిపోయి వెనక్కి తిరిగాడు. నంజమ్మ ఇంకా గడపలోనే నిలబడి ముంజేతికి చీర చింపు చుట్టుకుంటోంది.

"నువ్వూ రా నంజా," అన్నాడు. "ముందు నీ చెయ్యి చూపిద్దాం. ఎట్లయిందని డాక్టరు అడిగితే నేనే చెప్తాను."