చీరాలలో గాల్వే

పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలో వాచ్‌మన్ బాలస్వామిని మధ్యాహ్నం భోజనాల వేళ పొడిచి చంపారు. మందుగుండు గది తాళం పగిలి ఉంది. నలభై జెలటిన్ స్టిక్స్, ఆరు డిటొనేటర్లు మాయం. బాలస్వామి తెచ్చుకున్న అన్నం మూట ముడి విప్పకుండా అతని పక్కనే ఉంది.

అది 1965 ఏప్రిల్ మూడో తేదీ. మర్నాడు పొద్దున పది గంటలకు ఏజెంట్ హయాత్ గుంటూరులో ఒక విత్తనాల కొట్టు వెనక గదిలో కూర్చుని ఉన్నాడు. ముందు గదిలో నిజంగానే పత్తి విత్తనాలు అమ్ముతారు. వెనక గదిలో వైర్‌లెస్ సెట్టు, జిల్లా మ్యాపు, ఇంటెలిజెన్స్ ఆఫీసర్ పేరయ్య ఉంటారు.

పేరయ్య బ్రీఫింగ్ ఎప్పుడూ క్లుప్తం. మద్రాసు హార్బర్లో సుభానీ అనే ఓడ మెకానిక్ దొరికాడు. సొంతూరు గుంటూరే. ఐర్లండ్ పడమటి తీరాన గాల్వే అనే పాత రేవు పట్నంలో మూడేళ్లు పనిచేశాడు. పేలుడు సామాను అమర్చడంలో ఘనుడు. ఏప్రిల్ పద్నాలుగున గుంటూరులో కానర్ అనే విదేశీయుణ్ణి కలుసుకోవాలి. ఈ కానర్ పొగాకు కొనడానికి వచ్చానని బంగళా అద్దెకు తీసుకున్నాడు గాని, ఆకు నలిపి వాసన చూడటం కూడా సరిగ్గా చేతకాదని బజార్లో నవ్వుకుంటున్నారు. అతని దగ్గర మూడు దేశాల పాస్‌పోర్టులున్నాయి. సరిహద్దుకు ఫిరంగి గుళ్లు మోసే మిలిటరీ స్పెషల్ రైళ్లు ఈ నెలలోనే మద్రాసు నుంచి ఈ లైను మీదుగా పోతాయి. క్వారీలో పోయిన మందుగుండుకు టార్గెట్ అందులో ఒకటి. ఎక్కడో, ఎప్పుడో తెలియదు.

"కానర్ సుభానీని ఎన్నడూ చూడలేదు. కానీ అతనికి గాల్వే బాగా తెలుసు. ఆ ఊరి గురించి గుచ్చి గుచ్చి అడుగుతాడు," అన్నాడు పేరయ్య. "ఇక నుంచి సుభానీవి నువ్వే."

"నేను చీరాల సాయిబుని సార్. గాల్వే మొహం చూడలేదు."

"తొమ్మిది రోజుల్లో చూస్తావు. అదీ చీరాలలోనే."

జిల్లా మొత్తంలో గాల్వేలో ఉండి వచ్చిన మనిషి ఒక్కతే దొరికింది. పేరు సంతోషకుమారి. చీరాలలో ఒక ఆసుపత్రిలో నర్సు. అక్కడ ఆరేళ్లు ఉండి నర్సింగ్ చదువుకుంది. ఇరవై తొమ్మిదేళ్లుంటాయి. గంజి పెట్టిన తెల్లచీర, నల్లకళ్లద్దాలు, సైకిలు. ఆమె పక్కనే ఉన్న నేతగాళ్ల పేరాల సందుల్లోంచి సైకిలు మీద పోతుంటే మగ్గాల చప్పుడు ఒక్క క్షణం ఆగేది.

హయాత్ గడ్డం తీసేశాడు. సుభానీకి ఉన్నట్టే ఎడమ చెంప మీద కాలిన మచ్చ పెట్టించుకున్నాడు. ట్రాన్సిస్టర్ రేడియో పొట్టలో చిన్న ట్రాన్స్‌మిటర్ అమర్చుకున్నాడు. పాఠాలు మొదలయ్యాయి.

మ్యాపు చూసి నేర్చుకుంటే మ్యాపులాగే మాట్లాడతారని, కాళ్లతో నేర్చుకోమని సంతోషకుమారి అంది. రోజూ డ్యూటీ దిగాక అతన్ని నడిపించింది. కొమ్మమూరు కాలువ గట్టు గాల్వే మధ్య పారే కారిబ్ నది ఒడ్డు అయింది. ఆ గట్టు మీద మూడు మైళ్లు పోతే అవతలి ఒడ్డున తీగలు పాకిన పాడుబడ్డ మెన్లో కోట వస్తుందని చెప్పింది. వాడరేవు సరుగుడు తోటలు బార్నా అడవి అయ్యాయి. పల్లెకారుల పడవలు ఆరబెట్టిన చోటు క్లాడా అనే బెస్తపేట అయింది. అక్కడి పాత గడ్డి ఇళ్లు కూల్చి కొత్తవి కట్టారు గాని, నీళ్లలో హంసలు మాత్రం అలాగే ఉన్నాయట. రేవు దగ్గర స్పానిష్ ఆర్చి అనే రాతి తోరణం కింద నుంచుంటే ఏ వైపు నుంచి గాలి కొడుతుందో, బొగ్గులా తవ్వి కాల్చే ఆ నల్లమట్టి పొగ బట్టలకు ఎలా పడుతుందో, ఎండ కాసే రోజు అవతలి ఒడ్డున క్లేర్ కొండలు ఎంత దగ్గరికి జరిగినట్టుంటాయో అన్నీ చెప్పింది.

అయిదో రోజు సముద్రం ఒడ్డున కూర్చుని లించ్ కిటికీ కథ చెప్పింది. పూర్వం లించ్ అనే ఆ ఊరి పెద్ద ఒకడు, హత్య చేసిన సొంత కొడుకుని ఉరి తీయడానికి ఎవరూ ముందుకు రాకపోతే తానే తన ఇంటి కిటికీలోంచి ఉరి తీశాడట. ఆ కిటికీ గోడ ఇంకా నిలబడి ఉందట. నేనైతే వదిలేసేవాణ్ణి అన్నాడు హయాత్. ఆమె గుప్పెడు ఇసుక తీసి వేళ్లలోంచి జారవిడిచింది. తర్వాత తమ్ముడు ఆదాం గురించి చెప్పింది. తల్లి పోయాక వాణ్ణి తానే పెంచింది. ఓడలో పనికి వెళ్లాడు. నెలకో ఉత్తరం వస్తుంది. అంతకు మించి చెప్పలేదు. హయాత్ అడగలేదు.

అతనికి ముప్పై నాలుగేళ్లు. పదేళ్లుగా వేరేవాళ్ల పేర్లతో బతికాడు. ఒక మనిషి పక్కన ఊరికే నడవడం ఇంత బాగుంటుందని అతనికి తెలియదు. మొదట్లో సిస్టర్ అని పిలిచేవాడు. ఏడో రోజు నుంచి ఆ మాట నోట రాలేదు. ఏమని పిలవాలో తెలియక పిలవడమే మానేశాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం సాల్ట్‌హిల్ నడక పూర్తి చేశారు. గాల్వేలో అది సముద్రం పక్కనే సాగే రెండు మైళ్ల దారి. ఊరంతా రోజూ నడిచేది ఆ దారినే. వాడరేవు ఒడ్డున పాత ఉప్పు గిడ్డంగి మొండిగోడ దాకా వచ్చారు. ఆమె ఏదో చెబుతూ నవ్వుతోంది. ఆ నవ్వులోనే, చూసుకోకుండా, గోడను కాలితో చిన్నగా తన్ని వెనక్కి తిరిగింది.

"అదేంటి, గోడనెందుకు తన్నారు?" అన్నాడు.

ఆమె ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. ఆ క్షణంలో ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. కాలు తిమ్మిరెక్కిందన్నా నమ్మేవాడు.

"సాల్ట్‌హిల్ చివర ఒక గోడ ఉంటుంది," అంది మెల్లగా. "దాన్ని కాలితో తన్ని గాని ఎవరూ వెనక్కి తిరగరు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే ఆ అలవాటు."

"ఇంత ముఖ్యమైంది ఇన్నాళ్లూ చెప్పలేదే?"

"మర్చిపోయాను హయాత్ గారూ," అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె అతని చెయ్యి పట్టుకుని నడిచింది. పాదాల కింద ఇసుక ఇంకా వేడిగానే ఉంది. ఊరి మొదట్లో చెయ్యి వదిలేసింది.

పద్నాలుగో తేదీ పొద్దున పదింటికి హయాత్ కానర్ బంగళా వరండా ఎక్కాడు.

"ఈ ఏడు మిరప ఘాటు ఎలా ఉంది?" కానర్ తెలుగు అద్దంలా ఉంది.

"వాన తగిలిన కాయలో ఘాటుండదు."

కోడ్ సరిపోయింది. కానర్ లోపలికి తీసుకెళ్లి గంటన్నర పాటు గాల్వేలో తిప్పాడు. మెన్లో కోట ఏ ఒడ్డున? బార్నా అడవికి ఎంత నడక? హయాత్ తడుముకోలేదు. చివరికి కానర్ సిగరెట్ వెలిగించి, సాల్ట్‌హిల్ నడక చివర ఏం చేసేవాడివని అడిగాడు.

"గోడను తన్ని వెనక్కి తిరిగేవాణ్ణి."

కానర్ చేతిలో అగ్గిపుల్ల వేలు దాకా కాలింది. తర్వాత నవ్వి, పని చెప్పాడు. టార్గెట్ కృష్ణ బ్రిడ్జి, రేపు సాయంత్రం, సామాను అక్కడికే వస్తుంది. అంతే. కరచాలనం చేసి పంపేశాడు.

ట్రాన్స్‌మిటర్ ద్వారా అంతా విన్న పేరయ్య, హయాత్ వచ్చేసరికి కృష్ణ బ్రిడ్జికి రెండు లారీల పోలీసుల్ని పంపించేశాడు. హయాత్ మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. అతనికి ఆ కాలిన వేలు కళ్లలోంచి పోవడం లేదు. సరైన జవాబు వింటే ఎవడైనా నిశ్చింత పడతాడు. కానర్ ఎందుకు ఉలిక్కిపడ్డాడు?

మధ్యాహ్నం రెండు దాటాక జవాబు తట్టింది. తాను నకిలీ అని కానర్‌కి ముందే తెలుసు. కృష్ణ బ్రిడ్జి అబద్ధం. గోడ ప్రశ్న పరీక్షే. కానీ ఆ పరీక్ష తనకు కాదు, తనకు గాల్వే నేర్పిన మనిషికి. తన సంగతి వాళ్లకు చేరవేసింది సంతోషకుమారే, గోడ సంగతి మాత్రం తనకు చెప్పొద్దని ఆమెకు ఆజ్ఞ. తాను తెలుసునన్నాడు. ఆమె వాళ్ల మాట తప్పిందని కానర్‌కి తన నోటితోనే సాక్ష్యం చెప్పి వచ్చాడు.

చీరాల ఆసుపత్రికి అర్జంట్ ట్రంక్ కాల్ చేశాడు. ఆయా ఎలీసమ్మ పలికింది. సంతోషమ్మగారు పొద్దున్నే ఒక కాగితం ఇచ్చి, గుంటూరు నుంచి ఫోనొస్తే చదవమన్నారని చెప్పింది. చదివింది.

"హయాత్ గారికి. కానర్ కృష్ణ బ్రిడ్జి అని చెబుతాడు. నమ్మకండి. ఈవేళ సాయంత్రం నాలుగూ నలభైకి, వేటపాలెం దగ్గర రొంపేరు వాగు మీది రైలు వంతెన. మా ఆదాం వాళ్ల చేతుల్లో ఉన్నాడు. అందుకని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. నేను వంతెన దగ్గరికి పోతున్నాను. నడకల్లో మీకు చెప్పినవన్నీ నిజాలే."

పేరయ్య వేటపాలెం స్టేషన్‌కి కబురు చేయబోయాడు. తీగలు తెగిపోయి ఉన్నాయి, ఆ తర్వాత చీరాల, ఒంగోలు కూడా పలకలేదు. టైము ప్రకారం స్పెషల్ ఒంగోలు దాటబోతోంది. ఇద్దరు కానిస్టేబుళ్లతో జీపు బయల్దేరింది. పొన్నూరు, బాపట్ల, చీరాల. దారి పొడుగునా కళ్లాల్లో ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారుతుంటే హయాత్ తుడుచుకోలేదు.

నాలుగూ ముప్పై ఎనిమిదికి జీపు రొంపేరు గట్టు మీద ఆగింది. అప్పటికే దక్షిణాన ఇంజను పొగ కనబడుతోంది. వంతెనకు అవతల, రెండు ఫర్లాంగుల దూరాన, పట్టాల మధ్య తెల్లచీరలో సంతోషకుమారి నిలబడి ఉంది. రెండు చేతులతో ఆసుపత్రి ఎర్రకంబళి ఎత్తి ఊపుతోంది. డ్రైవర్ చూశాడు. బ్రేకులు కీచుమన్నాయి.

గట్టు కింద జమ్ములోంచి తుపాకి పేలింది. కంబళి పక్కకు వాలిపోయింది. ఆమె పట్టాల మీంచి గట్టు వారకు దొర్లిపోయింది.

బరువైన బండి ఒక్కసారిగా ఆగదు. ఆమె పడ్డచోటు దాటి వంతెన వైపు జారుతూనే ఉంది. జమ్ములో కానర్ రైఫిల్ పారేసి, మందుగుండు పేల్చే ఎక్స్‌ప్లోడర్ పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. హయాత్ నీళ్లలోకి దూకాడు. మొలలోతు బురద. వంతెన కాలి నుంచి పెట్టె దాకా నీళ్ల మీద ఒక నల్లతీగ సాగి ఉంది. ఇంజను ముందు చక్రాలు వంతెన మీదికి ఎక్కాయి. కానర్ పిడి కిందికి నొక్కుతుండగా హయాత్ ఆ తీగను రెండు చేతుల చుట్టూ తిప్పి లాగాడు. పెట్టె దగ్గర కొస ఊడి వచ్చింది.

పిడి కింది దాకా దిగింది. ఏమీ కాలేదు. కానర్ మళ్లీ నొక్కాడు. మూడోసారి నొక్కేలోపు కానిస్టేబుళ్లు మీద పడ్డారు.

బండి వంతెన మీద ఆగింది. హయాత్ పట్టాల వెంట పరిగెత్తాడు. డ్రైవరు, సోల్జర్లు ఆమె చుట్టూ మూగారు. అతను తల ఒళ్లోకి తీసుకున్నాడు. గాయం ఎలాంటిదో ఆమె నర్సు కాబట్టి ఆమెకే ముందు తెలిసింది. కట్టు కట్టబోతే వద్దన్నట్టు చెయ్యి పట్టుకుంది.

"ఆదాంకి మీరు రాయండి," అంది. "అక్క బాగానే ఉందని రాయండి."

"రాస్తాను. సంతోషం, నేను రాస్తాను."

పేరు పెట్టి పిలిచినందుకు కాబోలు, ఆమె అతని ముఖంలోకి ఒకసారి చూసింది. అంతే.

మర్నాడు కానర్ బంగళా సోదా చేశారు. వైర్‌లెస్ సెట్టు, పాస్‌పోర్టులు, మ్యాపులు దొరికాయి. సొరుగు అడుగున ఆదాం ఉత్తరాలు దొరికాయి. "అక్కా, నేను క్షేమం" అంటూ పదకొండు ఉత్తరాలు వరుసగా రాసి ఉన్నాయి. తేదీల చోటు ఖాళీగా వదిలారు. వాటి కింద ఒక విదేశీ రేవు పోలీసుల కాగితం. ఆదాం చనిపోయి ఏడాదిన్నర అయింది. అతని చేత ముందే రాయించుకుని నెలకొకటి పోస్టు చేస్తున్నారు.

పేరయ్య కాగితాలు ఫైల్లో పెట్టాడు. ఈ సంగతి ఆమెకు తెలియకపోవడమే నయమైంది అన్నాడు. హయాత్ చీరాల బస్సెక్కాడు. అక్కడ ఆమె సమాధి దగ్గర ప్రార్థన అయ్యేదాకా దూరంగా గోడ బయట నిలబడ్డాడు. ఆమెకు అతను ఏమవుతాడని ఎవరైనా అడిగితే చెప్పడానికి అతని దగ్గర మాట లేదు.

డిపార్టుమెంటు అంతా రహస్యంగా ఉంచింది. పేపర్లలో ఒక్క ముక్క రాలేదు. రైల్వే వారు మాత్రం ఊరుకోలేదు. పద్నాలుగో తేదీన సదరు స్పెషల్ వేటపాలెం దగ్గర నలభై ఏడు నిమిషాలు ఆలస్యమైనందుకు సంజాయిషీ కోరుతూ మెమో పంపారు. జవాబు రాయమని పేరయ్య దాన్ని హయాత్ బల్ల మీద పెట్టాడు.

హయాత్ ఒక పూటంతా దాని ముందు కూర్చున్నాడు. చివరికి కారణం అనే గడిలో, "లైను మీద ఒక మనిషి ఉన్నందున" అని రాసి సంతకం పెట్టాడు.

వారం తిరక్కుండా జవాబొచ్చింది. కారణం సమంజసంగా ఉన్నదట.