ఎనిమిదో అంతస్తు అతిథి చెప్పులు

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల కాపలా మనిషి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గొంతు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తెగి ఉంది.

"గాష్పర్ ఇంజనీర్ సాయంత్రం సాక్ష్యం చెప్పేదాకా బతకాలి," వాకీటాకీలో చీఫ్ గొంతు. "విదేశీ ముఠా నాయకుడి ముఖం చూసినవాడు ఆయనొక్కడే."

"బతుకుతాడు," అన్నాడు ఏజెంట్ బ్లాజెయ్. పక్కనున్న ఏజెంట్ ఒతీలియాకి సైగ చేసి మెట్లెక్కాడు.

ఊరి శివారు పెత్రజాల్కా పేటలో భవనాలన్నీ ఒకే అచ్చు. ఫ్యాక్టరీలో కాంక్రీటు పలకలు పోస్తారు, క్రేన్‌తో నిలబెడతారు. ఆ ఫ్యాక్టరీ ఇంజనీరే గాష్పర్. చేసుకున్నవాడికి చేసుకున్నంత కదా, ఆయన కాపురమూ అందులోనే.

తలుపు తీస్తూనే ముసలాయన వాళ్ల కాళ్ల వంక చూశాడు. "బూట్లు విప్పండి. అతిథి చెప్పులు అక్కడున్నాయి."

బ్లాజెయ్ విప్పాడు. ఈ ఊళ్లో పోలీసులొచ్చినా, పెళ్లివారొచ్చినా అదే మర్యాద. ఒతీలియా విప్పలేదు. జనరల్ గారి కూతురు, కొండ మీద రాతి బంగళాలో పెరిగిన అందగత్తె.

"డ్యూటీలో విప్పనండీ."

"బూటు మడమలు గుచ్చుకుని నేల పాడవుతుందమ్మా," ముసలాయన గొణిగాడు.

బెల్ మోగింది. "లిఫ్ట్ మెకానిక్‌ని."

బ్లాజెయ్ పిస్టల్ తీశాడు. ఇక్కడ లిఫ్ట్ మెకానిక్ పిలిచినా నెలకి గానీ రాడు. పిలవకుండా వచ్చాడంటే హంతకుడే.

తలుపు బద్దలైంది. కత్తి బ్లాజెయ్ భుజాన్ని చీల్చింది. అతను వాడి జుట్టు పట్టి తలను గోడకేసి కొట్టాడు. మేకు దిగని కాంక్రీటు అది. మొదటి దెబ్బకి ముక్కు, రెండో దెబ్బకి నుదురు పగిలాయి. మూడోది అవసరం లేకపోయింది.

వెనక్కి తిరిగాడు. హాల్లో ఎవరూ లేరు. బాత్రూమ్ గడియ పడిన చప్పుడైంది.

"కిందికి పో బ్లాజెయ్," లోపల్నుంచి ఒతీలియా. "ముసలాడి కణతకి పిస్టల్ ఆనించాను. వీణ్ణి సరిహద్దు దాటిస్తాను. ఎవరికేం చెప్పాడో మావాళ్లు అడగాలి. అడ్డొస్తే ఇక్కడే చంపుతాను."

"ఎప్పట్నుంచి ఈ పని?"

"మొదట్నుంచీ."

 మూడు మిషన్లలో అతని వెన్ను కాచిన మనిషి ఆమె.

"సరే, పోతున్నా," అని వీధి తలుపు దడేల్మని వేశాడు, తను లోపలే ఉండి.

ఈ ఊళ్లో చంటిపిల్లకైనా తెలుసు: బయటి గోడలే కాంక్రీటు. బాత్రూమ్‌ని మాత్రం పెట్టెలా తెచ్చి దించుతారు. దాని గోడలు అట్ట. బ్లాజెయ్ అతిథి చెప్పులతో చడీచప్పుడూ లేకుండా నడిచి, చెవి ఆనించాడు.

టక్. టక్. ఒతీలియా మడమలు.

"బాబాయ్, టబ్బులో పడు!" అని బ్లాజెయ్ ఇంజనీర్‌కి అరిచి చెప్పాడు.

ఇనప టబ్బు ఖంగుమంది. మడమలు గిర్రున తిరిగాయి. మడమల చప్పుడు వచ్చిన చోటికి సూటిగా, రొమ్మెత్తున, బ్లాజెయ్ గోడలోంచి మూడుసార్లు కాల్చాడు. అట్ట చించుకుని ఒతీలియా హాల్లోకి కూలింది.

"ఇది... గోడ కాదా?" అంది, నోట్లోంచి నెత్తురు కారుతుండగా.

"బంగళాలో పెరిగావు. నీకెలా తెలుస్తుందిలే," అన్నాడు బ్లాజెయ్, ఆమె కళ్లు మూస్తూ.

గాలి గొట్టంలోంచి పక్కింటావిడ గొంతు వినిపించింది. "గాష్పర్ గారూ, మధ్యాహ్నం పూట మేకులు కొట్టకండి. పిల్ల పడుకుంది."

ఇంజనీర్ టబ్బులోంచి మెల్లగా లేచాడు. శవాన్ని చూశాడు, నేల మీద మడమల గుంటలు చూశాడు.

"బూట్లు విప్పమని మొదటే చెప్పాను," అన్నాడు.