ఏడో నంబరులో దగ్గు

మా అక్క వాళ్ళ అపార్ట్‌మెంటు సెల్లారులో, లిఫ్టు పక్కనే ఏడో నంబరు పార్కింగు స్థలం ఉంది. చీకటి పడ్డాక ఎవరూ అటు తొంగిచూసేవారు కాదు. పోయిన మా బావగారు అక్కడ దగ్గుతారట... తాళాల గుత్తి ఆడిస్తూ తిరుగుతారట.

ఆ కథ పుట్టించింది అక్క. నలుగురి చెవిన వేసింది నేను. ముందే చెప్పేస్తున్నాను. ఆగితే మళ్ళీ చెప్పలేను.

స్థలం అక్కదే. మందుల షాపు మూసి రాత్రి తొమ్మిదింటికి వచ్చేసరికి అందులో పై అంతస్తు టైలరు వ్యాను ఉండేది.

"ఇది మా స్థలమని ఎన్నిసార్లు చెప్పాలి బాబూ?"

"ఒక్క పది నిమిషాలు అక్కయ్యగారూ! మా అమ్మని పైకి..."

"నీ పది నిమిషాలు తెల్లారేదాకా సాగుతాయిలే!"

మిగతా మాట అక్క విననే లేదు. నాతో మాత్రం అంది— "అడిగితే కదలడా? ఎలా కదలడో చూస్తా."

కదిలాడు. వారం తిరక్కుండా స్థలం ఖాళీ. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం.

ఆ తర్వాతది అక్క నాకొక్కదానికే చెప్పింది. గది తలుపు వేసి, నా మొహం చూడకుండా.

ఆ రాత్రి అక్క కారు మెకానిక్ దగ్గరుంది. ఆటో దిగి సెల్లారులోకి నడిచింది. కరెంటు లేదు. ఫోను కోసం సంచిలో చెయ్యి పెట్టింది—

దగ్గు.

పొడిదగ్గు... ఆగి, మళ్ళీ.

తను అల్లిన అబద్ధమేనని తనకి తెలుసు. అయినా ఫోను వెతకడం మానేసి అటు చూసింది. ఏడో నంబరులో, స్తంభాన్ని ఆనుకుని... తెల్లగా ఏదో కూర్చుని ఉంది.

"ఏమండీ..." అంది అక్క. ఎన్నేళ్ళుగానో నోట పలకని పిలుపు.

ఆ తెలుపు మెల్లగా కదిలింది.

"నేనమ్మా... టైలరు వాళ్ళ అమ్మని."

బోర్లించిన బకెట్టు మీద, ఒళ్ళంతా దుప్పటి కప్పుకుని కూర్చుంది. చేతికి ఆసుపత్రి కట్టు ఇంకా విప్పలేదు.

"వారానికి మూడుసార్లు డయాలసిస్. అయ్యాక నాలుగడుగులు వెయ్యలేను. ఈ లిఫ్టు దగ్గర దింపి, వ్యాను రెండు వీధుల అవతల పెట్టి వస్తాడు. అందాకా ఇక్కడ కూర్చుంటాను."

"ఇక్కడ... పెట్టచ్చుగా?" అంది అక్క.

"వద్దంటాడు. పోయిన పెద్దాయన మనసు కష్టపెట్టామని ఒకటే బాధ వాడికి. పడుకునే ముందు రోజూ దణ్ణం పెట్టుకుంటాడు."

నిజం చెప్పేద్దామని అక్క నోరు తెరిచింది. చివరికి, "మీకు భయం వెయ్యదా?" అని మాత్రం అడిగింది.

"మొదట్లో వేసింది." ఆవిడ పక్కనున్న చీకట్లోకి ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "చాలా మర్యాదస్తులమ్మా. 'మా స్థలమే, కూర్చోండి' అంటారు. మీ మాటెత్తితే మాత్రం... తల దించుకుంటారు."