టాపెట్ల చప్పుడు

పటమటలో ఆటోనగర్ వైపు పోయే రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది బసవయ్య ఇల్లు. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు, వంటిల్లు. ఆ రోజు పొద్దున్న ఏడింటికి ఆయన భార్య నాగమల్లేశ్వరి పొయ్యి మీద టీ పెట్టి, గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. షెడ్డులో కొడుకు కిరణ్‌కుమార్ తన పికప్ వ్యాను స్టార్ట్ చేశాడు. ఇంజన్ అందుకుంది. దాని వెంటే సన్నగా ఇంకో చప్పుడు మొదలైంది. టిక్కు, టిక్కు, టిక్కు.

నలభై ఏళ్ళు మెకానిక్‌తో కాపురం చేసిన మనిషికి ఏ చప్పుడు మంచిదో ఏది కాదో ఇంకొకరు చెప్పాలా? చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. ఆమె ముందుగా చూసింది బండి వైపు కాదు, భర్త వైపు. బసవయ్య బండికి పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఆ చప్పుడుకి తల కూడా ఎత్తకుండా పేజీ తిప్పాడు.

ఆటోనగర్‌లో ఆయన్ని చెవి బసవయ్య అంటారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాడు. నలుగురు విప్పి చూసి చెప్పలేనిది ఆయన విప్పకుండానే చెప్పేవాడు. లారీ ఇంజన్ల పక్కన అన్నేళ్ళు ఒగ్గిన చెవులు చివరికి ఆయనకే ఎసరు పెట్టాయి. రెండేళ్ళుగా లావు చప్పుళ్ళు మాత్రమే అందుతున్నాయి. ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడితే సగం చెవులతో, సగం పెదవుల కదలిక చూసి లాక్కొస్తాడు. సన్నటివన్నీ పోయాయి. కుక్కర్ విజిల్ పోయింది, ఫోను మోత పోయింది, ఇంజన్ పైన వాల్వుల్ని కొట్టే టాపెట్ల చప్పుడు కూడా పోయింది.

ఈ సంగతి తెలిసింది మొగుడూ పెళ్ళాలిద్దరికే. "చెవి పోయిందంటే ఈ షెడ్డు మెట్టు ఎవడెక్కుతాడు మల్లీ?" అని ఒకే ఒక్కసారి అన్నాడాయన. అప్పటి నుంచి ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. బండి ఆడుతుండగా ఆయన వంటింటి వైపు తిరిగి "టీ ఉందా?" అని అడుగుతాడు. చప్పుడు వినపడుతుంటే ఆమె "ఉందండీ" అంటుంది. పోతే "అయిపోయిందండీ" అంటుంది. వచ్చినవాళ్ళు బసవయ్యకి టీ పిచ్చి అనుకుంటారు. అదే నయం అనుకున్నారు ఇద్దరూ.

"నాన్నా, నిన్నటి నుంచి కొడుతోంది ఇది," కిరణ్ బండి దిగి తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "వేడెక్కినా పోవట్లేదు. యాక్సిలరేటర్ తొక్కితే దాంతోపాటే పరిగెడతంది."

బసవయ్య పేపరు మడిచాడు. "వింటూనే ఉన్నాగదరా," అన్నాడు.

నాగమల్లేశ్వరి తల వంచుకుంది.

కోడలు సింధూరి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తుంది, తొమ్మిదింటికల్లా అక్కడుండాలి. "షోరూమ్ వాళ్ళకి చూపించండి మావయ్యా. కొత్తరకం ఇంజన్లు ఇవి. లాప్‌టాప్ పెట్టి చెప్పేస్తారు."

"లాప్‌టాప్‌కి చెవులుంటాయా అమ్మా?"

"షోరూముకి వెళ్తే ఇవాళ బండి ఇవ్వరే," అన్నాడు కిరణ్. "పన్నెండింటికి కైకలూరులో చేపల లోడెక్కాలి. ఇప్పటికే రెండుసార్లు లేటయ్యా. ఇంకోసారైతే వేరే బండి పెట్టుకుంటామని చేపలాయన మొహమ్మీదే చెప్పాడు."

ఆ కిరాయి పోతే ఇల్లు గడవదు. బసవయ్య షెడ్డుకి ఈ మధ్య వచ్చే బండ్లే తక్కువ. సింధూరి జీతం అద్దెకీ కరెంటుకీ సరిపోతుంది. అన్నం పెట్టేది ఆ పికప్పే. అందుకే అందరూ బసవయ్య మొహం వైపు చూశారు.

ఆయన చొక్కా చేతులు మడిచాడు. "నా పద్ధతి ఒకటుంది. ఈ ఆయిల్ తీసేసి చిక్కటిది పోస్తా. పది నిమిషాలు ఆడిద్దాం. చప్పుడు పోయిందా, టాపెట్ల దగ్గర సందు పెరిగిందని లెక్క. తర్వాత తీరిగ్గా సరిచేసుకోవచ్చు. పోలేదా, ఆయిల్ పైకెక్కట్లేదని లెక్క. అప్పుడు బండి అంగుళం కదలకూడదు. అడుగున ఆయిల్ చాంబర్ విప్పాల్సిందే."

"బండి పుస్తకంలో ఫైవ్ థర్టీ ఆయిల్ పొయ్యమని రాసుంది," అంది సింధూరి. "అది పలచటిది గదా. చిక్కటిది పొయ్యొచ్చా?"

"పొయ్యకూడదు. శాశ్వతంగా అయితే పొయ్యకూడదు. ఇది పరీక్షకే," అన్నాడు బసవయ్య. ఆ మాటలో తప్పు లేదు. ఆయన విద్యలో ఆ రోజు కూడా ఏ లోపమూ లేదు.

పాత ఆయిల్ నల్లగా, బంక బంకగా దిగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసుకుని, గుడ్డకి తుడిచేసుకున్నాడు. చిక్కటి ట్వంటీ ఫిఫ్టీ ఆయిల్ డబ్బా తెచ్చి పోశాడు. కిరణ్ సీట్లో కూర్చుని స్టార్ట్ చేశాడు. పది నిమిషాలు ఆడాక బసవయ్య స్క్రూడ్రైవర్ టాపెట్ కవర్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఆ భంగిమ చూసి పెరిగిన కిరణ్, డాక్టరు ముందు కూర్చున్నవాడిలా ఊపిరి బిగబట్టాడు. పిడిలోంచి వచ్చే వణుకు తప్ప ఆయనకి ఏమీ అందడం లేదని నాగమల్లేశ్వరికి తెలుసు.

బసవయ్య కళ్ళు తెరిచి ఇటు తిరిగాడు. "మల్లీ, టీ ఉందా?"

ఆమె చెవులు రిక్కించింది. చప్పుడు ఉంది. ఇందాకటంత గట్టిగా లేదు, దుప్పటి కప్పుకున్నట్టు లోపలెక్కడో ఉంది. కానీ ఉంది. కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. కొడుకు వాచీ చూసుకుంటున్నాడు. "ఉంది" అంటే బండి ఆగిపోతుంది, కైకలూరు కిరాయి పోతుంది, రేపు షోరూములో ఎవడో కుర్రవాడు ఈయన చేసిన పనికి వంక పెడతాడు. తగ్గింది కదా, దారిలో అదే సర్దుకుంటుందిలే అనుకుంది. మొగుడి మొహం కోడలి ముందు చిన్నబోవడం చూడలేకపోయింది.

"అయిపోయిందండీ," అంది.

బసవయ్య మొహం వెలిగింది. "పో, దర్జాగా పోయిరా," అన్నాడు కొడుకుతో.

"నాకింకా కొంచెం వినపడుతున్నట్టే ఉంది నాన్నా."

"అది ఇంజెక్టర్లదిరా. డీజిల్ బండికి ఆ మాత్రం ఉంటది."

కిరణ్ ఇంకోసారి చెవి పెట్టాడు. తర్వాత, తన చెవి ఎక్కడ, తన తండ్రి చెవి ఎక్కడ అనుకున్నాడేమో, బానెట్ మూసి వెళ్ళిపోయాడు.

సింధూరి వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద గిన్నె మూత తీసింది. టీ నిండుగా ఉంది. అత్తగారి వైపు ఒక చూపు చూసి, గ్లాసులో పోసుకుని తాగి, డ్యూటీకి పోయింది.

సాయంత్రం నాలుగింటికి ఫోనొచ్చింది. ముదినేపల్లి దాటాక, గుడివాడ ఇంకా రాకముందే, లోడుతో ఉన్న బండి నడిరోడ్డు మీద పట్టేసింది. ఇంకో బండి మాట్లాడి సరుకు మార్చేసరికి ఐసు నీరైపోయింది. చేపల్లో సగం పారబోశారు. కిరాయి ఆ క్షణమే పోయింది.

మర్నాడు పదకొండింటికి తాడు కట్టి లాక్కొచ్చి పికప్‌ని షెడ్డులో వదిలారు. కిరణ్ అన్నం తినలేదు. గుడివాడ మెకానిక్ విప్పి చూపించినవి సంచిలోంచి తీసి తండ్రి ముందు గచ్చు మీద పెట్టాడు. గీతలు పడి నీలంగా మాడిపోయిన బేరింగులు. ఆయిల్ పీల్చే జల్లెడ, దాన్నిండా జిగురు.

"జల్లెడ మూసుకుపోయిందంట. పలచటి ఆయిలే ఎక్కట్లేదంట, చిక్కటిది ఏం ఎక్కుద్ది? హెడ్డు పోయింది, క్రాంకు పోయింది, ఇంక ఇంజనే మార్చాలంట. చప్పుడు ఆగకపోయినా ఎట్టా నడిపావయ్యా అని నన్ను తిట్టాడు. ఆగిందని మా నాన్న చెప్పాడన్నా. మీ నాన్న మెకానికేనా అనడిగాడు నాన్నా."

బసవయ్య బేరింగు చేతిలోకి తీసుకుని గోటితో గీతలు తడిమాడు. "చప్పుడు పోయింది," అన్నాడు మెల్లగా. "పోయిందిరా. నేను విన్నా."

"మీరు వినలేదు మావయ్యా," అంది సింధూరి. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. గొంతు పెంచలేదు. ఆయనకి ఎదురుగా వచ్చి కూర్చుని మరీ చెప్పింది. "నిన్న గిన్నె నిండా టీ ఉంది. అత్తయ్య అయిపోయిందన్నారు. ఆర్నెల్లుగా చూస్తున్నా. మీరు టీ అడుగుతారు, అత్తయ్య ఉందంటారు, ఎవరూ తెచ్చివ్వరు, మీరూ తాగరు. ఏంటిది అత్తయ్యా?"

నాగమల్లేశ్వరి గోడకి ఆనుకుంది. ఇంక దాచడానికి ఏముంది? రెండేళ్ళ సంగతంతా చెప్పేసింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

కిరణ్ నమ్మలేనట్టు తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూశాడు. "అంటే నిన్న నీకు వినపడిందామ్మా?"

ఆమె జవాబు చెప్పేలోపే బసవయ్య అడ్డొచ్చాడు. ఆయన కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. "నేనడుగుతా. మల్లీ, నిన్న ఉందా?"

"ఉందండీ," అందామె.

ఒక్క రోజు ఆలస్యంగా వచ్చింది ఆ మాట. బసవయ్య బేరింగుని మళ్ళీ గచ్చు మీద పెట్టాడు. భార్యని ఒక్క మాట కూడా అనలేదు. అంటే ఆమె తేలికపడేదేమో. స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి పాత సామాన్ల డబ్బాలో వేసి, షెడ్డు రేకు తలుపు కిందికి లాగేశాడు.

ఇంజన్ మార్చే డబ్బుల్లేక, పది రోజుల్లో పికప్ ఆటోనగర్ తుక్కు షాపుల్లోకి ముక్కలు ముక్కలుగా వెళ్ళిపోయింది. కిరణ్‌కి గుణదలలో ఒకాయన దగ్గర లారీ డ్రైవరుగా పని దొరికింది. కలకత్తా లైను. నెలకి ఒకసారి ఇంటికి వస్తే గొప్ప. సొంత బండి అన్న మాట ఈ జన్మకి ఇక రాదని అందరికీ తెలుసు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం కిరణ్ సంచి భుజాన వేసుకుని, కుర్చీలో కూర్చున్న తండ్రి భుజం మీద కాసేపు చెయ్యి ఉంచాడు. ఆయన ఆ చేతిని పట్టుకుని నిమిరాడు గాని తలెత్తలేదు. కిరణ్ గడప దాకా వెళ్ళి, తల్లి దగ్గర ఆగాడు.

"కోపం లేదమ్మా. కాకపోతే ఒక్కటే. నాన్నకి వినపడట్లేదని ముందే చెప్పుంటే, ఆ చెవుల పని నేను చేసేవాణ్ణి గదా. నాకు ఆ రోజు వినపడింది. నాన్న లేదన్నాడని నా చెవులు నేనే మూసుకున్నా."

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆమె నిలబడే ఉంది. లోపలికి వచ్చేసరికి బసవయ్య ఆమె కోసమే చూస్తున్నాడు.

"వాడేమన్నాడు?"

రెండేళ్ళుగా ఆమె ఎవరి మాటనీ ఉన్నదున్నట్టు ఆయనకి చేరవేయలేదు. కరుకు మాటని మెత్తన చేసి, విసుగుని తీసేసి, బాగున్నంత మేరకే అందించింది. జాగ్రత్తగా ఉండమన్నాడని ఇప్పుడూ చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు. నాగమల్లేశ్వరి పీట లాక్కుని ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. మొహం వెలుతురులో పెట్టి, పెదవులు స్పష్టంగా కదుపుతూ, కొడుకు అన్నది ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పింది.

ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండాయి. చెంపల మీదికి దిగినా తుడుచుకోలేదు. అర్థమైంది ఆయనకి.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది.